వెండి రూపాయిని చదవడం

మా నాయనమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టె అడుగున, పాత పట్టుచీర మడతల కింద, ఒక ఇత్తడి భరిణెలో పదకొండు వెండి రూపాయలు కనబడ్డాయి. ఏటా శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు తమలపాకుల మీద పేర్చే రూపాయలే అవి. ఇంట్లో అందరం వాటిని రాణి రూపాయలనే పిలిచేవాళ్ళం గానీ, తీసి చూస్తే రాణి బొమ్మ ఉన్నవి నాలుగే; మిగిలిన ఏడింటిలో రెండు ఏడో ఎడ్వర్డువి, అయిదు అయిదో జార్జివి. చిన్నప్పటి నుంచీ కళ్ళ ముందు ఉన్న వస్తువులను అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదని ఆ రోజు మొదటిసారి అనిపించింది. నాణేల మీద నా ఆసక్తి అక్కడ పుట్టింది. అది నన్ను ముందు ఒక మోసానికీ, ఆ తర్వాతే చదువుకూ తీసుకువెళ్ళింది.

భరిణె దొరికిన ఆరు నెలలకు ఒక వారపు సంతలో, పాత సామాను అమ్మే మనిషి దగ్గర, 1939 రూపాయి ఒకటి కొన్నాను. నూరు పాళ్ళలో దాదాపు 92 పాళ్ళ వెండితో బ్రిటిష్ ఇండియా రూపాయి వచ్చిన చివరి సంవత్సరం అదనీ, 1940 నుంచి వెండి సగానికి పడిపోయిందనీ, అందుకే ఆ ఏటి రూపాయిని సేకర్తలు ప్రాణంగా వెతుకుతారనీ అప్పటికే ఎక్కడో చదివి ఉన్నాను. "ఒక జమీందారు గారి ఇంటి సామానుతో వచ్చింది సార్, పిల్లలు అమెరికాలో ఉన్నారు, వాళ్ళకు దీని విలువ తెలియదు" అన్నాడు ఆ మనిషి. ఆరు వేలు ఇచ్చాను. ఇంటికి వచ్చాక మా ఊరి కంసాలి ఆచారి గారికి చూపించాను. ఆయన భూతద్దం తీయలేదు, గీటురాయి తీయలేదు. నాయనమ్మ రూపాయి ఒకటి ఎడమ అరచేతిలో, నా రూపాయి కుడి అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో రెండింటి మీదా ఒకసారి నిమిరి, "బాబూ, ఇది సబ్బుబిళ్ళలా జారుతోంది. అది చూడు, ఎట్లా గుచ్చుకుంటోందో" అన్నారు. తర్వాత అంచును కిటికీ వెలుతురుకు తిప్పి, ఒకచోట పూత లేచి ఎర్రగా కనబడుతున్న రాగిని చూపించారు. మొత్తం అర నిమిషం పట్టలేదు.

ఆ అర నిమిషం గురించే ఈ వ్యాసం. ఆచారి గారు నకిలీ నాణేల మీద పుస్తకాలేవీ చదవలేదు, వాటి రకాల చిట్టా ఏదీ ఆయన దగ్గర లేదు. యాభై ఏళ్ళుగా అసలు వెండి రూపాయలు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి, కొన్ని కరిగాయి, కొన్ని దండలయ్యాయి. అసలు రూపాయి ఎలా ఉంటుందో ఆయన వేళ్ళకు తెలుసు కనుక, అలా లేనిది ఏదైనా వెంటనే తేలిపోతుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్ళు ఇందుకు విరుద్ధంగా నడుస్తారు. అరుదైన నాణెంతో మొదలుపెట్టి, దాని నకిలీ గుర్తులను బట్టీ పట్టి, ఆ గుర్తులు కనబడలేదు కాబట్టి ఇది అసలుదే అనుకుంటారు. నకిలీ చేసేవాడు ఏటేటా తన తప్పులు దిద్దుకుంటాడు, కాబట్టి ఆ చిట్టా ఎప్పుడూ పాతబడే ఉంటుంది. అసలు నాణెం మాత్రం 1862లో ఎలా తయారైందో అలాగే ఉంది, ఇక మారదు. చవకగా దొరికే అసలు రూపాయలు నాలుగైదు నమ్మకమైన చోట కొని, వాటితో ఒక ఏడాది గడిపిన తర్వాతే అరుదైనదాని జోలికి వెళ్ళాలని నేను గట్టిగా వాదిస్తాను. ఆ ఏడాది ఓపిక లేని మనిషి నాణెం కొనడం లేదు, అమ్మేవాడు చెప్పిన కథను కొంటున్నాడు.

మొదట వదిలించుకోవలసిన భ్రమ పాతదల్లా విలువైనదన్నది. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ముద్ర ఉన్న రూపాయిని చూపి, నూట అరవై ఏళ్ళ నాటిదని లక్షలు చెప్పేవాళ్ళను నేను చూశాను. అదే 1862 తేదీని మార్చకుండా టంకశాలలు 1874 దాకా రూపాయలు కొడుతూనే పోయాయి. ఏ ఏటి ముద్రో తమకు తెలియడానికి చిన్న చిన్న చుక్కలు మాత్రం పెట్టుకున్నాయి. కనుక 1862 రూపాయి ఈ దేశంలో అతి మామూలు వెండి రూపాయల్లో ఒకటి. అంతకు ముందరి 1840 రూపాయి సంగతీ అంతే, ఆ తేదీతోనే రెండు దశాబ్దాలు నడిచింది. నాణెం మీద ఉన్న సంవత్సరం అన్నిసార్లూ అది పుట్టిన సంవత్సరం కాదు, పుట్టిన సంవత్సరం ఎంత పాతదైనా అది అరుదు అని అర్థం కాదు. సేకర్తలు 1862 రూపాయిలో వెతికేది ఆ చుక్కల లెక్క, బొమ్మలో రాణి జాకెట్టు మీద అల్లిక రకం, ముద్ర ఎంత నిండుగా దిగిందన్నది.

హైదరాబాదు నాణేల దగ్గర ఇదే భ్రమ మరో వేషంలో వస్తుంది. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి మీద 1330 అని చదివి, ఏడు వందల ఏళ్ళ కిందటిదని చెప్పి అమ్మజూపిన ఒక యువకుడు నాకు తటస్థపడ్డాడు. అతడు మోసగాడు కాడు, నిజంగానే అలా నమ్మాడు. అది హిజ్రీ 1330, అంటే 1911 డిసెంబరు చివర మొదలై 1912లో ముగిసిన సంవత్సరం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్త. ఆ నాణెంలో నిజంగా చూడవలసింది చార్మినార్ వాకిట్లో ఉన్న అక్షరం. ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరమైన 'అయిన్' తొలి నాణేల్లో పొట్టిగానూ, తర్వాతివాటిలో పూర్తి రూపంలోనూ ఉంటుంది. పొట్టిదానికే గిరాకీ ఎక్కువ. దాని మీద 92 అన్న అంకె చూసి వెండి వన్నె, అంటే నూటికి ఎన్ని పాళ్ళు వెండో చెప్పే లెక్క, అనుకునేవారు చాలామంది ఉన్నారు. అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అన్న పేరుకు వచ్చే సంఖ్య అది. హాలీ సిక్కా అనే ఈ నిజాం రూపాయిలో వెండి నూటికి 82 పాళ్ళ లోపే, బరువు 11.18 గ్రాములు. ఈ మాత్రం తెలిసినవాడికి అదే నాణెం మరో నాణెంగా కనబడుతుంది.

ఇక బరువు. 1835లో నాలుగో విలియం పేరుతో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చిన నాటి నుంచి దాని తూకం 11.66 గ్రాములు, అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. అంటే ఒక్కో రూపాయిలో 10.69 గ్రాముల శుద్ధమైన వెండి ఉంటుంది. ఈ లెక్క ఎప్పుడూ మనసులో ఉండాలి, ఎందుకంటే ఏ నాణేనికైనా కింది మెట్టు ధర ఆనాటి వెండి ధరే. అరుగుదల వల్ల కొంత తరుగు ఉంటుంది, చేతులు మారి మారి బాగా అరిగిన రూపాయి 11.4 గ్రాములు తూగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. నా నకిలీ రూపాయి కూడా సరిగ్గా 11.4 తూగింది. తూకం ఒక్కటే నమ్మితే అది అసలుదే! ఇక్కడే నీళ్ళ తూకం అక్కరకు వస్తుంది, దీన్ని ప్రతి సేకర్తా నేర్చుకు తీరాలి.

గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ మీద ఒక గాజు గ్లాసులో నీళ్ళు పెట్టి, అంకెను సున్నా చేసుకోవాలి. నాణేనికి సన్నటి నైలాన్ దారం కట్టి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగునూ గోడలనూ తాకకుండా, చేత్తో వేలాడదీసి పట్టుకోవాలి. నాణెం ఒంటికి అంటిన గాలి బుడగలను ఒకసారి ఆడించి వదిలించాలి. అప్పుడు తక్కెడ చూపించే గ్రాములు నాణెం పక్కకు తోసిన నీళ్ళ బరువు. నాణెం అసలు బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. నాయనమ్మ రూపాయిల్లో తక్కువ అరిగినది ఒకటి 11.62 గ్రాములు తూగింది, నీళ్ళలో 1.13 చూపించింది, భాగిస్తే 10.3 దగ్గర తేలుతుంది, ఆ వన్నె వెండికి ఉండవలసినదీ అంతే. నా 1939 రూపాయి నీళ్ళలో 1.28 చూపించింది. 11.4ను 1.28తో భాగిస్తే 8.9, అది రాగి సాంద్రత. వంటింటి గట్టు మీద, ఒక గ్లాసు నీళ్ళలో, నా ఆరు వేల సంగతి తేలిపోయింది. బరువు కలవాలంటే రాగి నాణెం వెండిదానికన్నా మందంగా ఉండక తప్పదు. అందుకే అసలుదాని పక్కన నిలబెట్టి చూస్తే నాది కాస్త లావుగా కనబడింది, ముందే చూసి ఉంటే తక్కెడ అవసరం కూడా లేకపోయేది. 1940 తర్వాతి సగం వెండి రూపాయలకు ఈ అంకె 9.5 దగ్గర ఉంటుందనీ, నిజాం రూపాయికి 10.2 దగ్గర ఉంటుందనీ గుర్తు పెట్టుకుంటే చాలు.

మన పెద్దవాళ్ళు రూపాయిని మోగించి పుచ్చుకునేవారు. షరాబుల దుకాణాల్లో నాపరాయి పలక ఉండేదని, రూపాయిని దాని మీద ఖంగుమనిపించి చెల్లుబాటు తేల్చేవారని ఆచారి గారు చెప్పారు. ఆ పరీక్ష ఇప్పటికీ మంచిదే గానీ, సేకరణకు కొనే నాణేన్ని రాతి మీద వేస్తే అంచు నొక్కుకుపోతుంది. వేలి కొస మీద నిలిపి మరో నాణెంతో మెల్లగా తట్టినా వెండి గొంతు సాగుతుంది, పోత లోహం గొంతు తెగిపోతుంది. అయస్కాంతం మీద మాత్రం ఎవరూ భరోసా పెట్టుకోవద్దు. ఇనుమునూ నికెల్‌నూ అది పట్టిస్తుంది, 1947 నికెల్ రూపాయి దానికి చక్కగా అతుక్కుంటుంది. రాగినీ ఇత్తడినీ పట్టించలేదు, నకిలీలు ఎక్కువగా చేసేది వాటితోనే.

ఇంతవరకూ చెప్పినవి లోహం సంగతులు. సరైన వన్నె వెండితోనే చేసిన నకిలీలు కూడా ఉన్నాయి, వాటిని నీళ్ళూ తూకమూ పట్టించలేవు. వాటి దగ్గర కన్ను కావాలి. టంకశాల నాణెం రెండు ఉక్కు అచ్చుల మధ్య పెద్ద ఒత్తిడితో పుడుతుంది. ఆ ఒత్తిడికి లోహం పారి, అక్షరాల మూలల్లోకి నిండుతుంది. అక్షరం గోడ నిట్రగా లేస్తుంది, ఖాళీ జాగా అద్దంలా చదునుగా ఉంటుంది. అరగని నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే వెలుగు చక్రంలా గిరగిర తిరుగుతుంది, అది ఒత్తిడికి పారిన లోహపు సన్నటి గీతల వల్ల వచ్చే కాంతి. పోత నాణేనికి ఇవేవీ ఉండవు. కరిగిన లోహం చల్లారుతూ కుదించుకుపోతుంది కనుక అక్షరాల అంచులు గుండ్రబడతాయి, మైదానంలో, అంటే బొమ్మా అక్షరాలూ లేని ఆ ఖాళీ జాగాలో, సూదిమొన చుక్కల్లాంటి గుంటలు పడతాయి, అంచు చుట్టూ రెండు మూసలు కలిసిన జాడ ఎక్కడో ఒకచోట ఉంటుంది, లేదా ఆ జాడను ఆకురాయితో రుద్దిన జాడ ఉంటుంది. ఆచారి గారు సబ్బుబిళ్ళ అన్నది దీన్నే. పదింతలు చూపించే భూతద్దం ఒకటి, పక్క నుంచి పడే ఒకే దీపం వెలుతురు ఒకటి ఉంటే ఈ తేడాలన్నీ వారం రోజుల్లో కంటికి అలవాటవుతాయి. కొనబోయే నాణెం ఫోటో ఎదురు వెలుతురులో తీసి పంపితే, పక్క వెలుతురులో తీసి మళ్ళీ పంపమని అడగండి.

అంచును చూడకుండా నాణెం కొన్నవాడు సగమే చూసినట్టు. బొమ్మ, బొరుసుల తర్వాత మూడో ముఖం అంచు. 1939 దాకా వెండి రూపాయికి మామూలు నిలువు గాట్లు ఉంటే, 1940 నుంచి సగం వెండి రూపాయికి గాట్ల మధ్యలో గాడి ఉన్న భద్రతా అంచు వచ్చింది. కాబట్టి 1940 దశకపు రూపాయి తేదీని దిద్ది 1939 చేయాలని ఎవరైనా చూస్తే అంచే వాణ్ని పట్టిస్తుంది. సంవత్సరపు అంకెలను విడిగా, ఒక్కొక్కటిగా భూతద్దం కింద పోల్చడం అలవాటు చేసుకోవాలి: నాలుగు అంకెల ఎత్తూ ఒకటేనా, చివరి అంకె చుట్టూ మైదానం గీకినట్టుందా, దాని అడుగున అతుకు కనబడుతోందా అని.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. నకిలీల మీద అందరూ రాస్తారు. మన తెలుగు ఇళ్ళలో నకిలీ కంటే ఎక్కువ విలువను పాడుచేసింది మాత్రం చింతపండు. మా నాయనమ్మ ప్రతి శ్రావణంలో ఆ రూపాయలను చింతపండు పులుసులో నానబెట్టి, విబూదితో తోమి, తళతళలాడేలా చేసి దేవుడి ముందు పెట్టేది. ఆవిడ చేసింది భక్తితో చేసింది, అందులో తప్పేమీ లేదు, ఆ రూపాయలు అమ్మకానికి ఉంచినవీ కావు. కానీ ఆ పది రూపాయలను భూతద్దం కింద చూస్తే మైదానమంతా ఒకే వైపు పరుగెత్తే సన్నటి గీతలే. రాణి చెంప మీద, చెవి పైన జుట్టు పాయల మీద పదును పోయి ఇస్త్రీ చేసినట్టుంది. తెల్లగా మెరుస్తున్నాయి, కానీ ఆ మెరుపు నాణేన్ని తిప్పినప్పుడు కదలదు, అన్ని వైపుల నుంచీ ఒకేలా, పాత్ర అడుగులా మెరుస్తుంది.

పది అన్నాను, భరిణెలో ఉన్నవి పదకొండు. పదకొండోది భరిణె అడుగున వేసిన గుడ్డ పొరల మధ్య ఎన్నేళ్ళ కిందటో జారిపోయి ఉండిపోయింది, 1919 నాటి జార్జి రూపాయి. దానికి చింతపండు తగలలేదు. నల్లబారింది అనుకుని మా అమ్మ తోమబోయింది, ఎందుకో ఆగింది. అంచుల దగ్గర నీలం కలిసిన బూడిద రంగు, లోపలికి వచ్చేకొద్దీ తేనెరంగు, మధ్యలో రాజు ముఖం దగ్గర లేత వెండి. వంచి తిప్పితే ఆ రంగు కిందనే వెలుగు చక్రంలా తిరిగింది. కిరీటం పట్టీలోని రాళ్ళు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు, నిలువుటంగీ మీది ఏనుగు తొండం విడిగా కనబడుతుంది. నాణేల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ ఒక్క రూపాయి నేర్పింది. మిగిలిన పదీ ఏం పోగొట్టుకున్నాయో అది పక్కన పెడితేనే తెలిసింది. దుకాణంలో నల్లటి రూపాయికన్నా తెల్లటి రూపాయికి ఎక్కువ ఇచ్చే కొత్తవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వెండి మీద గాలిలోని గంధకం వేసిన ఆ రంగు దశాబ్దాల మీద ఏర్పడినది, అది పోతే తిరిగి రాదు, రప్పించబోయినవాళ్ళ పనితనమూ భూతద్దానికి దొరికిపోతుంది.

రూపాయిని నగగా ధరించిన సంప్రదాయం మనది కనుక మరొకటి కూడా చూడాలి. మెడలో దండకు కొక్కెం అతికించిన రూపాయలు కోకొల్లలు. తర్వాత కొక్కెం ఊడదీసి, టాకా వేసిన చోట ఆకురాయి పట్టి, మెరుగు పెట్టి మామూలు నాణెంగా అమ్ముతారు. రాజు కిరీటానికి సరిగ్గా పైన, పన్నెండు గంటల స్థానంలో, అంచును ప్రత్యేకంగా చూడండి. అక్కడ గాట్లు చెరిగి ఉన్నా, చుట్టూ ఉన్న వెండి కంటే రంగు కొంచెం వేరుగా ఉన్నా అది ఒకప్పటి కాసుల దండ. బెజ్జం పూడ్చిన నాణేలూ అంతే, పూడ్చిన చోట ముద్ర గీతలు చేత్తో చెక్కినట్టు తెలిసిపోతాయి. అలాంటి నాణెం ఉంచుకోవడంలో తప్పు లేదు, ఎవరో ఒక ఆడపడుచు మెడలో వెలిగిన వస్తువు అది. దాని ధర మాత్రం వెండి ధర దగ్గరే ఆగాలి.

అరుగుదలను చదవడం మరో విద్య. నాణెం మీద ఎత్తైన చోట్లు ముందు అరుగుతాయి: విక్టోరియాకు చెవి పైన జుట్టు, చెంప; జార్జికి మీసం, కిరీటం పట్టీ, ఏనుగు. అక్కడ వివరం లేకపోయినా మైదానంలో వెలుగు చక్రం సజీవంగా ఉంటే అది అరుగుదల కాదు, అచ్చు సరిగా దిగకపోవడం. రెండింటినీ కలగలిపి మంచి నాణేన్ని వదులుకున్నవాళ్ళు ఉన్నారు. 1911 జార్జి రూపాయి మీద ఆ ఏనుగు పందిలా ఉందని గొడవ వచ్చి, 1912 నుంచి తొండం స్పష్టంగా కనబడేలా బొమ్మను మార్చారు. కనుక 1911 రూపాయిని నిర్ధారించుకునేటప్పుడు తేదీ ఎంత ముఖ్యమో ఏనుగు అంత ముఖ్యం, ఏనుగు అరిగిపోయిన 1911కు నిండు ధర పెట్టకూడదు.

తెలుగువాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదని నా ఫిర్యాదు. ఏడో ఎడ్వర్డు కాలంలో, 1907 నుంచి వచ్చిన అలల అంచు అణా బిళ్ళ మీద విలువను రాసిన లిపుల్లో తెలుగు కూడా ఉంది. ఇంగ్లీషు అక్షరం వంకర మనకు తెలియకపోవచ్చు, ఫారసీ అసలే తెలియకపోవచ్చు, కానీ మన తలకట్టు, మన దీర్ఘం, మన ఒంపు ఎక్కడ తప్పినా మన కన్ను ముల్లులా గుచ్చుకుని ఆగుతుంది. నకిలీ పోతలో ముందు చెడేది ఈ చిన్న అక్షరాలే. ఈ అణాలు మామూలు స్థితిలో ఇప్పటికీ చవక, కొత్తవాడు కన్ను పదును పెట్టుకోవడానికి వీటిని మించిన పలక లేదు.

అన్నట్టు, అణా బిళ్ళ పుట్టుక తెలిస్తే ఒక పెద్ద మోసం దానంతట అదే కూలిపోతుంది. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అని వేసి, ఒక అణా అనో అర్ధణా అనో రాసి ఉన్న బిళ్ళలు మన ఊళ్ళలో లక్షల బేరాలకు వస్తుంటాయి. కంపెనీ పేరుతో దేశమంతటికీ నాణెం వచ్చిందే 1835లో. అణా విలువకు విడిగా బిళ్ళ రావడం ఎడ్వర్డు కాలంలో. ఆ రాములవారి బిళ్ళలు పూజకు చేసుకున్న ముద్రలు, భక్తితో ఇంట్లో పెట్టుకోండి, నాణెంగా కొనకండి. బియ్యపు గింజలను లాగే నాణేలని చెప్పే రైస్ పుల్లర్ ముఠాల గురించి ఇక్కడ రాయనవసరం లేదు, పోలీసు కేసుల వార్తలు మనందరం చదువుతూనే ఉన్నాం. 2012 నాటి వైష్ణోదేవి అయిదు, పది రూపాయల బిళ్ళకు లక్షలు వస్తాయన్న ప్రచారం కూడా ఆ కోవలోదే. పాత నాణేల అమ్మకానికి తమ పేరు చెప్పి రుసుములు, కమిషన్లు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

పొలంలో దొరికిందనే మాట విన్నప్పుడు ఇంకా జాగ్రత్త. కరీంనగర్ వైపు కోటిలింగాల పేరు చెప్పి శాతవాహన నాణేలంటూ మట్టి అంటిన సీసపు బిళ్ళలు చూపిస్తారు. అవి నకిలీలైతే డబ్బు పోతుంది. అసలువే అయితే 1878 నిక్షేప చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ దొరుకుడు సొత్తునైనా కలెక్టరుకు తెలియజేయాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నిషేధం. మా నాయనమ్మ 1919 రూపాయి కూడా ఇప్పుడు ఆ లెక్కలోకి వచ్చింది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు జ్ఞాపకంగా ఒకటి తీసుకువెళ్తానంటే ఆ మాటే చెప్పి ఆపాను.

ధర గురించి నేను నేర్చుకున్నది ఒకటే ప్రశ్న. "ఇదే నాణెం నెల తర్వాత నేను మీకే తెస్తే ఎంతకు తీసుకుంటారు?" అని అమ్మేవాణ్ని అడగడం. మంచి వర్తకుడు ఒక అంకె చెబుతాడు, తన లాభం మినహాయించి. కథ అమ్మేవాడు మాట మారుస్తాడు. ఇంటర్నెట్‌లో అడిగే ధరలను చూసి ఏ అంచనాకూ రాకూడదు, ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. వేలంపాటల్లో నిజంగా చేతులు మారిన ధరలే లెక్క. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు నాణెం అసలుదో కాదో చూసి, దాని స్థితికి ఒకటి నుంచి డెబ్బై దాకా అంకె వేసి ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇచ్చే నాణేల మీద నాకు గౌరవం ఉంది, భరించలేనంత ధర పెట్టేటప్పుడు ఆ రక్షణ అవసరం కూడా. అయితే ఆ డబ్బాలకు కూడా నకిలీలు వచ్చాయి, కాబట్టి డబ్బా మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసి, అక్కడి ఫోటోతో నాణేన్ని పోల్చాలి. పోల్చడానికి మళ్ళీ కన్నే కావాలి.

ఆ కన్ను తయారవడానికి డబ్బు ఖర్చు కానక్కర్లేదు. సైఫాబాద్‌లో 1903 నుంచి నడిచిన హైదరాబాదు పాత టంకశాల ఇప్పుడు మ్యూజియం. అచ్చులూ యంత్రాలూ చూస్తే నాణెం మీద ఒత్తిడి అంటే ఏమిటో అర్థమవుతుంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అసలు నాణేలు గంటలకొద్దీ చూడవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. నాణెం, నాణ్యం అన్న రెండు మాటలూ మన భాషలో ఒకే ఇంటివి. వాటిని మళ్ళీ కలపాలన్నదే నా తాపత్రయం.

పోయిన నెలలో ఒక నాణేల ప్రదర్శనలో 1862 రూపాయి ఒకటి చేతికి తీసుకున్నాను. తూకం 11.6, అక్షరాలు నిట్రగా ఉన్నాయి, జాకెట్టు అల్లిక అంతా ఉంది. దీపం కింద తిప్పాను, వెలుగు తిరగలేదు. పన్నెండు గంటల దగ్గర అంచు చూశాను, నాలుగు గాట్లు చదునై ఉన్నాయి. అమ్మే పెద్దాయనకు భూతద్దం ఇచ్చి ఆ చోటు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "నేనే గమనించలేదండీ" అని, నాణేన్ని వేరే ట్రేలోకి, తూకానికి అమ్మే రూపాయల్లోకి మార్చారు. ఆయన దగ్గరే అరిగిన 1908 అణా బిళ్ళ ఒకటి తీసుకున్నాను. దాని మీది తెలుగు అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి.